ఒకే ఫైలు, రకరకాల వేగాలు: భూకంపం రికార్డులు చదవడంలో నేను నేర్చుకున్నవి

కువైట్‌లో ఉంటున్న తెలుగువాళ్లకి 2017 నవంబరు 12 రాత్రి గుర్తుండే ఉంటుంది. ఆదివారం, అంటే ఇక్కడ వారంలో మొదటి పనిరోజు. ఆఫీసు నుంచి వచ్చి, భోజనాలు చేసి కూర్చున్నాం. తొమ్మిదీ ఇరవై దాటి ఉంటుంది. సాల్మియాలో ఎనిమిదో అంతస్తులో ఉండేవాళ్లం అప్పట్లో. హాల్లో వేలాడుతున్న లైటు మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ముందు నా కళ్లు తిరుగుతున్నాయనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అనుకుందిట. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, పాపని ఎత్తుకుని మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాం. కింద రోడ్డు మీద అప్పటికే సగం బిల్డింగు ఉంది.

ఇరాన్, ఇరాక్ సరిహద్దులో సర్పోల్-ఎ-జహాబ్ అనే ఊరి దగ్గర 7.3 స్థాయిలో వచ్చిన భూకంపం అది. అక్కడ ఆరువందల మందికి పైగా చనిపోయారు. మనకి మాత్రం సుమారు 650 కిలోమీటర్ల దూరంలో లైటు ఊగడంతో సరిపోయింది. గంట తర్వాత ఇంట్లోకి వచ్చి పడుకోబోతుంటే, అప్పుడు అయిదేళ్ల వయసున్న మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, అమ్మమ్మ వాళ్లింట్లో కూడా లైటు ఊగిందా?"

అమ్మమ్మ వాళ్లిల్లు హైదరాబాదులో హబ్సిగూడ. ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అంటే మనం ఎన్.జి.ఆర్.ఐ. అని పిలుచుకునేది, వాళ్లకి బస్టాపు దూరం. 1961లో మొదలైన ఆ సంస్థ ఆవరణలో ఫ్రాన్సు వారి జియోస్కోప్ అనే ప్రపంచవ్యాప్త నెట్‌వర్కుకి చెందిన భూకంప కేంద్రం కూడా ఉంది. దాని సంకేతం హెచ్.వై.బి. లైటు ఊగకపోయినా ఆ యంత్రానికి తెలిసి తీరుతుంది కదా అనిపించింది. ఎమ్మెస్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుకున్నవాణ్ణి, రోజూ ప్రోగ్రాములు రాసేవాణ్ణి, ఆమాత్రం జవాబు చెప్పలేనా అని ధీమాగా కూర్చున్నాను. రెండు శుక్రవారాలు పట్టింది. భూకంపశాస్త్రం వల్ల కాదు, ఫైలు చదవడం చేతకాక!

అందుకే ఈ వ్యాసం. ఒకే రికార్డింగులో వేర్వేరు వేగాలతో నమోదైన సిగ్నళ్లను ప్రోగ్రాములో చదివేటప్పుడు ఏం జరుగుతుంది, ఎక్కడ కాలు జారుతుంది అన్నది నాకు తెలిసినంతవరకు చెబుతాను. మన పాఠకుల్లో సాఫ్ట్‌వేరు వాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, చమురు కంపెనీల్లో ఇంజనీర్లు అందరూ ఉన్నారు. భూకంపాల జోలికి ఎప్పుడూ పోనివారికి కూడా ఇలాంటి ఫైలు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

ఇంటి పద్దు పుస్తకం లాంటిది

శాంపిల్ అంటే ఒక క్షణంలో తీసుకున్న కొలత. సెకనుకి ఇన్ని కొలతలు అన్నది శాంపిల్ రేటు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఒక మంచి భూకంప కేంద్రంలో ఒకే పరికరం నుంచి వచ్చే సంకేతాన్ని రెండు మూడు రేట్లలో విడివిడిగా దాస్తారు. సెకనుకి 100 శాంపిళ్లతో ఒకటి, 20తో ఒకటి, 1తో ఒకటి, ఒక్కోసారి పది సెకన్లకు ఒక్కటి చొప్పున ఇంకొకటి. ఎందుకంటే దగ్గర్లో వచ్చిన చిన్న భూకంపానికి వేగంగా కొలవాలి. వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చే ఉపరితల తరంగం ఒక ఊపు ఊగడానికి ఇరవై సెకన్లు తీసుకుంటుంది. దానికి సెకనుకొక కొలత చాలు. చాలినదానికి వందరెట్లు దాచడం దండగ.

ఛానల్ పేరులోనే ఆ రేటు సూచన ఉంటుంది. మూడక్షరాల పేరు. మొదటి అక్షరం హెచ్ అయితే సెకనుకి 80 నుంచి 250 లోపు, బి అయితే 10 నుంచి 80 లోపు, ఎల్ అయితే సుమారు ఒకటి, వి అయితే సుమారు పదో వంతు. రెండో అక్షరం పరికరం రకం. మూడోది దిక్కు: జెడ్ అంటే పైకీ కిందికీ, ఎన్ అంటే ఉత్తర దక్షిణాలు, ఇ అంటే తూర్పు పడమరలు. కాబట్టి బి.హెచ్.జెడ్., ఎల్.హెచ్.జెడ్. అన్నవి ఒకే పరికరం ఒకే దిక్కులో చూసిన ఒకే కదలిక. కొలతల మధ్య ఎడమే వేరు.

దీన్ని మా అమ్మ పద్దు పుస్తకంతో పోల్చుకుంటాను. పాలవాడి లెక్క రోజుకొకటి రాసేది. చాకలి లెక్క వారానికొకటి. గ్యాసు బండ నెలకో, నెలన్నరకో ఒకటి. మూడూ ఒకే పుస్తకంలో, మూడు వేరే పేజీల్లో. పాల పేజీలో పన్నెండో వరస అంటే పన్నెండో రోజు. చాకలి పేజీలో పన్నెండో వరస అంటే దాదాపు మూడు నెలలు. వరస నంబరు చూసి తేదీ చెప్పమంటే, ఏ పేజీ అని అడక్కుండా ఎవరూ చెప్పలేరు. అంతేకాదు, పాల పేజీ ఒకటో తారీకున మొదలైతే, చాకలి పేజీ నాలుగో తారీకున మొదలై ఉండవచ్చు. ఈ రెండు సంగతులూ, అంటే రేటు, మొదలైన సమయం, పేజీ నెత్తిన రాసి ఉంటాయి. చదివేవాడు నెత్తిమీది రాత చూడకుండా వరసలు మాత్రం లెక్కబెడితే ఏమవుతుందో నేను చేసి చూపించాను.

మొదటి తప్పు: నవ్వొచ్చేది

హైదరాబాదుకి ఏ సమయానికి చేరాలో ముందు కాగితం మీద లెక్కేసుకున్నాను. భూకంప కేంద్రం నుంచి హైదరాబాదుకి గుండ్రటి భూమి మీద సుమారు 3,760 కిలోమీటర్లు. భూమి కేంద్రం దగ్గర కోణంగా చెబితే 34 డిగ్రీలకి కాస్త తక్కువ. అంత దూరానికి మొదటి తరంగం, పి అంటారు, సుమారు ఆరు నిమిషాల నలభై సెకన్లలో చేరుతుందని ప్రయాణ కాలాల పట్టికలు చెబుతాయి. రెండోది, ఎస్, సుమారు పన్నెండు నిమిషాలకు. ఉపరితల తరంగాలు సెకనుకి మూడున్నర కిలోమీటర్ల చొప్పున నడిచివస్తే పద్దెనిమిది నిమిషాలకు. తర్వాత, దాదాపు అంతే దూరంలో ఉన్న వేరే బ్రాడ్‌బ్యాండ్ కేంద్రం ముడి ఫైళ్లు నాకు సులువుగా దొరికితే వాటితోనే మొదలుపెట్టాను. అందులో సరిగా వస్తే హైదరాబాదు సంగతి కూడా తేలినట్టే.

ఛానళ్లన్నీ చదివి, అన్నిటినీ ఒకే పట్టికలో నిలువు వరసలుగా పెట్టాను. డేటాబేసులతో పనిచేసేవాడి అలవాటు! వరస నంబరుని 20తో భాగించి సమయం అన్నాను. బొమ్మ గీస్తే, ఉపరితల తరంగాలు భూకంపం పుట్టిన యాభైనాలుగు సెకన్లకే వచ్చేశాయి. పి తరంగం కంటే ఆరు నిమిషాల ముందు! సెకనుకొక్క శాంపిలున్న ఛానల్‌లో 1,080వ వరస అంటే 1,080 సెకన్లు, అంటే పద్దెనిమిది నిమిషాలు. దాన్ని 20తో భాగిస్తే 54. అంతే సంగతి.

ఇలాంటి తప్పుతో పెద్ద నష్టం లేదు. బొమ్మ చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక్కో ఛానల్‌కీ దాని రేటుతోనే భాగించేలా మార్చాను. బొమ్మ బాగా కుదిరింది. పి, ఎస్, ఉపరితల తరంగాలు వరసలో వచ్చాయి. మా ఆవిడకి చూపించి కాలరెగరేశాను కూడా.

రెండో తప్పు: నమ్మబుద్ధేసేది

పి తరంగం మొదలు కచ్చితంగా గుర్తించాలంటే వేగంగా కొలిచిన ఛానల్ మంచిది. అందుకని దాన్ని సెకనుకి 100 శాంపిళ్ల నిలువు ఛానల్‌లో గుర్తించాను. ఎస్ తరంగం పక్కలకి ఊపుతుంది కాబట్టి దాన్ని సెకనుకి 20 ఉన్న ఉత్తర దక్షిణ ఛానల్‌లో గుర్తించాను. రెండిటి మధ్య తేడా పట్టికలో చూస్తే దూరం తెలుస్తుంది. వచ్చిన దూరం, ఉండవలసిన దానికంటే దాదాపు 170 కిలోమీటర్లు ఎక్కువ. పటం మీద చూస్తే కువైట్ దేశం తూర్పు పడమరలు ఇంచుమించు అంతే ఉంటుంది.

ఒక రోజంతా పట్టికని అనుమానించాను. తర్వాత భూకంపం లోతుని. తర్వాత ఎస్ తరంగాన్ని గుర్తించడంలో నా కన్నుని. ప్రోగ్రాముని మాత్రం అనుమానించలేదు, బొమ్మ అంత బాగుంది మరి! చివరికి విసుగొచ్చి, ఒక్కో ఛానల్ హెడర్‌లో ఉన్న మొదటి శాంపిల్ సమయాన్ని తెర మీద అచ్చు వేయించాను. రెండు ఛానళ్ల మొదళ్ల మధ్య 11 సెకన్ల తేడా ఉంది. నేను మొదటి ఛానల్ మొదలైన సమయాన్నే అన్నిటికీ వాడేశాను.

ఎందుకా తేడా? ఈ ఫైళ్ల పద్ధతి పేరు మినీసీడ్. భూకంప కేంద్రాల వాళ్లు 1980ల చివరి నుంచి వాడుతున్న సీడ్ అనే పెద్ద ప్రమాణంలో డేటా భాగం ఇది. ఇందులో డేటా చిన్న చిన్న రికార్డులుగా ఉంటుంది. ఒక్కోటి సాధారణంగా 512 బైట్లు. సైజు ఎప్పుడూ అంతే, కాని అందులో పట్టే శాంపిళ్ల సంఖ్య మారుతుంది. ఎందుకంటే స్టైమ్ అనే పద్ధతిలో డేటాని కుదిస్తారు. పూర్తి విలువలకి బదులు ఒక శాంపిల్‌కీ తర్వాతి శాంపిల్‌కీ మధ్య తేడాని దాస్తారు. భూమి ప్రశాంతంగా ఉంటే తేడాలు చిన్నవి, ఒక్క రికార్డులో నాలుగు వందలో అంతకంటే ఎక్కువో పడతాయి. భూమి ఊగిందంటే తేడాలు పెద్దవై, పట్టేవి తగ్గిపోతాయి.

ఇప్పుడు నాలుగు వందల శాంపిళ్లే అనుకోండి. సెకనుకి 100 చొప్పున అది నాలుగు సెకన్లు. 20 చొప్పున ఇరవై సెకన్లు. 1 చొప్పున ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఫలానా సమయం నుంచి ముక్క కోసి ఇమ్మంటే, ముడి ఫైళ్లలో ఆ సమయాన్ని కలిగిన పూర్తి రికార్డు నుంచి మొదలవుతుంది. కాబట్టి ఒక ఛానల్ అడిగినదానికి రెండు సెకన్లు ముందు మొదలైతే, ఇంకోటి పదమూడు సెకన్లు ముందు, మరోటి నాలుగైదు నిమిషాలు ముందు మొదలవుతుంది. ఒకే రేటున్న రెండు ఛానళ్లకి కూడా ఇది తప్పదు, కుదింపు రెండిటికీ ఒకేలా కుదరదు కాబట్టి.

ఈ పదకొండు సెకన్లు నాకు రెండు శుక్రవారాలు తినేశాయి, అంతే. ఇదే తప్పు స్థానిక భూకంపం మీద జరిగితే వేరే కథ. దగ్గర భూకంపాలకి ఒక మోటు లెక్క ఉంది: ఎస్‌కీ పికీ మధ్య సెకన్లను 8తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం. అంటే మూడు సెకన్ల తప్పు 24 కిలోమీటర్లు, అయిదు సెకన్ల తప్పు 40 కిలోమీటర్లు. కువైట్ మొత్తం విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే చిన్నది. ఇక్కడ చిన్న భూకంపాలు ఎక్కువగా మినాగిష్, ఉమ్ గుదైర్ చమురు క్షేత్రాల వైపు, ఉత్తరాన రౌదతైన్, సబ్రియా వైపు వస్తుంటాయి. కువైట్ శాస్త్ర పరిశోధనా సంస్థ 1997 నుంచి నడుపుతున్న జాతీయ భూకంప నెట్‌వర్కు పని వీటిని గుర్తించడమే. 2022 జూన్ 4న తెల్లవారుజామున అహ్మదీకి నైరుతిగా వచ్చిన సుమారు 5 స్థాయి భూకంపానికి మనలో చాలామంది నిద్ర లేచాం. ఇలాంటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇది ప్రకృతి పనా, చమురు తీయడం వల్లనా? దానికి జవాబు వెతికేవాళ్లకి భూకంపం ఏ క్షేత్రం కింద, ఎంత లోతులో పుట్టిందన్నది మొదటి ఆధారం. నలభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే ఒక క్షేత్రం నేరం ఇంకో క్షేత్రం మీద పడుతుంది. అసలైన నెట్‌వర్కుల్లో చాలా కేంద్రాల సమయాలు కలిపి లెక్కిస్తారు కాబట్టి నాలాంటి తప్పు బయటపడుతుంది. అయితే ఇంట్లో కూర్చుని ఒక్క కేంద్రం ఫైలు దింపుకుని బొమ్మలు గీసి పంచేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు.

హెడర్‌లో ఇంకొన్ని చిక్కులు

రేటు ఒక్కటే అంకెగా రాసి ఉంటుందనుకున్నాను. పాత మినీసీడ్‌లో రెండు చిన్న పూర్ణాంకాలు ఉంటాయి, ఒకటి గుణకం, ఇంకోటి దాన్ని సవరించే అంకె. మొదటిది ధనసంఖ్య అయితే సెకనుకి అన్ని శాంపిళ్లు. రుణసంఖ్య అయితే ఒక్క శాంపిల్‌కి అన్ని సెకన్లు! అంటే పది సెకన్లకొక శాంపిల్ ఛానల్‌లో మైనస్ 10 అని ఉంటుంది. రెండోది ధనమైతే గుణించాలి, రుణమైతే భాగించాలి. నేను సొంతంగా రాసిన మొదటి రీడరు దీన్ని సెకనుకి మైనస్ 10 శాంపిళ్లుగా తీసుకుని, కాలాన్ని వెనక్కి నడిపించింది.

తేదీ కూడా మనం రాసే పద్ధతిలో ఉండదు. సంవత్సరం, ఆ సంవత్సరంలో ఎన్నో రోజు అని ఉంటుంది. నవంబరు 12 అంటే 2017లో 316వ రోజు. సమయం ఎప్పుడూ విశ్వకాలమానమే. కువైట్‌కి మూడు గంటలు, ఇండియాకి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. సెకను భాగాలు హెడర్‌లో పదివేలవ వంతు దాకానే ఉంటాయి. అంతకంటే సూక్ష్మంగా కావాలంటే పక్కనే ఉండే అదనపు బ్లాకు చూడాలి.

ఇంత గొడవ ఎందుకు, తయారుగా ఉన్న లైబ్రరీ వాడుకోవచ్చు కదా అంటారా? నిజమే, వాడుకోవాలి. మ్యూనిక్‌లో పుట్టి 2010లో లోకానికి పరిచయమైన ఆబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీ ఇవన్నీ చక్కగా చూసుకుంటుంది. అందులో నాకు బాగా నచ్చిందేమిటంటే, అది చదివిన ఛానళ్లను ఒకే పట్టికలో పోయదు. ఒక్కో ఛానల్ ముక్కకీ దాని రేటు, మొదలు, శాంపిళ్ల సంఖ్య అంటిపెట్టుకునే ఉంటాయి. ఒకే పేరున్న రెండు ముక్కల రేట్లు వేరైతే వాటిని కలపమన్నా కలపదు, తప్పని మొరాయిస్తుంది. ఆ మొరాయింపు చూసి మొదట చిరాకు పడ్డాను. ఆ చిరాకుతోనే పట్టికలో పోసే తెలివితక్కువ పని చేశాను!

మధ్యలో డేటా పోయిన ఖాళీలు కూడా ఇలాంటివే. ఖాళీని వదిలేసి ముక్కలు అంటించేస్తే, అక్కడి నుంచి సమయమంతా ముందుకి జరిగిపోతుంది. సున్నాలతో నింపితే అంచుల దగ్గర నిటారు గోడలు లేస్తాయి, ఫిల్టరు వేయగానే అవి చిన్న భూకంపాల్లా కనిపిస్తాయి. ఖాళీని ఖాళీగానే గుర్తు పెట్టి ఉంచడం అన్నిటికన్నా మేలు.

ఇరవైలో ఒకటి తీసుకుంటే?

ఇంతకీ వేర్వేరు రేట్లను ఒకే రేటుకి తేవలసిన అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. సెకనుకి 20 ఉన్నదాన్ని 1కి తేవాలి. ప్రతి ఇరవైలో ఒకటి ఉంచి మిగతావి పారేస్తే పోలా? పోదు. పాత సినిమాల్లో ముందుకి పోతున్న గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం చూశారు కదా. కెమెరా సెకనుకి తీసే బొమ్మలు చక్రం వేగానికి చాలకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. ఇక్కడా అంతే. కేంద్రం పక్కన ఏదో మోటారు వల్ల నేల సెకనుకి 1.05 సార్లు కంపిస్తోందనుకోండి. దాన్ని సరిగ్గా సెకనుకి ఒకసారి కొలిస్తే, ప్రతి కొలతా గత కొలత కంటే ఊపులో ఇరవయ్యో వంతు ముందుకి పడుతుంది. బొమ్మలో కనిపించేది ఇరవై సెకన్లకి ఒక ఊపు. అచ్చంగా దూర భూకంపం ఉపరితల తరంగం! మోటారు ఆడితే భూకంపం వచ్చినట్టు రాసుకుంటామన్నమాట.

అందుకని ముందు కొత్త రేటులో సగానికి పైనున్న పౌనఃపున్యాలను ఫిల్టరుతో తీసేయాలి, ఆ తర్వాతే శాంపిళ్లు తగ్గించాలి. కేంద్రంలోని యంత్రం ఎల్ ఛానల్ తయారుచేసేటప్పుడు ఈ పని చేసే ఇస్తుంది. ఆబ్స్‌పైలో డెసిమేట్ అనే ఫంక్షను కూడా మనం వద్దంటే తప్ప ఫిల్టరు వేస్తుంది. వద్దనే సదుపాయం ఇచ్చారు కదా అని వాడుకోకండి.

ఫిల్టరుతో ఇంకో మెలిక. ఫిల్టరు ఆలస్యం తెస్తుంది. 101 గుణకాలున్న సౌష్ఠవమైన ఫిల్టరు సిగ్నల్‌ని 50 శాంపిళ్లు వెనక్కి నెడుతుంది. సెకనుకి 20 రేటులో అది రెండున్నర సెకన్లు. స్థానిక భూకంపంలో ఒక ఛానల్‌కి ఫిల్టరు వేసి రెండోదానికి వేయకపోతే, ఇందాకటి మోటు లెక్కలో 20 కిలోమీటర్లు పోయినట్టే. ఆలస్యాన్ని సరిచేస్తే అసలు తరంగం రాకముందే చిన్న అలలు కనిపించే ప్రమాదం ఉంది. భూకంపశాస్త్రజ్ఞులు వీటితో చాలాకాలంగా తలపట్టుకుంటున్నారు. అందుకే నేను పి, ఎస్ గుర్తించడం ఎప్పుడూ ఛానల్ సొంత రేటులోనే చేస్తాను. గుర్తించిన వరస నంబరుని అప్పటికప్పుడే సమయంగా మార్చి రాసుకుంటాను. రేట్లు కలపడం బొమ్మ గీసేటప్పుడు మాత్రమే.

ఆసుపత్రి ఫైళ్లలో

మన పాఠకుల్లో వైద్య రంగంలో ఉన్నవాళ్లకి ఈ సమస్య వేరే వేషంలో తగులుతుంది. అక్కడి ఫైళ్లలో ఛానళ్లు విడివిడి రికార్డులుగా కాక, తరచుగా ఫ్రేములుగా ఉంటాయి. ఫ్రేము అంటే విస్తరి అనుకోండి. ఒక్కో విస్తట్లో నాలుగు గారెలు, ఒక లడ్డు. 1996లో వెలువడిన మిమిక్ డేటాబేసులో ఇ.సి.జి. సెకనుకి 500 శాంపిళ్లు, రక్తపోటు లాంటి మిగతావి 125. అంటే సెకనుకి 125 ఫ్రేములు, ఒక్కోదానిలో ఇ.సి.జి.వి నాలుగు, రక్తపోటుది ఒకటి. ఇలాంటివి చదివే డబ్ల్యు.ఎఫ్.డి.బి. అనే లైబ్రరీ, మీరు ప్రత్యేకంగా అడక్కపోతే, ఆ నాలుగింటి సగటు తీసి ఒకటిగా ఇస్తుంది. దాని పైథాన్ రూపంలో కూడా స్మూత్ ఫ్రేమ్స్ అనే మీట మొదటి నుంచే వేసి ఉంటుంది. అన్నీ సమాన పొడవుతో చక్కటి పట్టికలో వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఇ.సి.జి.లో ఆర్ శిఖరం మొన మొద్దుబారుతుంది, రెండు మిల్లీసెకన్లకొకటి ఉన్న కొలత ఎనిమిది మిల్లీసెకన్లకొకటి అవుతుంది. గుండె చప్పుళ్ల మధ్య ఎడంలో సూక్ష్మమైన మార్పులు చూడాలనుకునేవాళ్లకి ఇది పెద్ద లోటు. ఆ మీట తీసేస్తే ఒక్కో సిగ్నల్ దాని పూర్తి పొడవుతో వేరే వరసగా వస్తుంది. సీ లైబ్రరీలో హై రిజల్యూషన్ పద్ధతి అడిగితే, తక్కువ రేటు సిగ్నళ్లను అదే విలువ మళ్లీ మళ్లీ రాసి సాగదీస్తుంది. ఆ మెట్లు చూసి రక్తపోటు మెట్లుమెట్లుగా మారుతోందనుకోకూడదు.

నిద్ర పరీక్షల్లో ఎక్కువగా కనిపించే ఈ.డి.ఎఫ్. పద్ధతి 1992 నాటిది. అందులో రేటు అనే అంకె అసలు ఉండదు. ఒక డేటా రికార్డు ఎన్ని సెకన్లో ఒకచోట, అందులో ఈ సిగ్నల్ శాంపిళ్లు ఎన్నో మరోచోట రాసి ఉంటాయి. భాగించుకోవడం మన పని. రికార్డు 30 సెకన్లదై, మెదడు తరంగాలకి 3,750 అని ఉంటే సెకనుకి 125. ఆక్సిజన్‌కి 30 అని ఉంటే సెకనుకి ఒకటి. రికార్డు నిడివి ఒక సెకనే అనుకుని 3,750ని రేటుగా తీసుకుంటే ఎనిమిది గంటల నిద్ర పదహారు నిమిషాలకి కుంచించుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోయిన క్షణంలో ఊపిరి ఆగిందా లేదా అని డాక్టరు చూసేది ఈ రెండు బొమ్మల్ని ఒకదాని కింద ఒకటి పెట్టుకునే కాబట్టి, రెండూ ఒకే గడియారం మీద లేకపోతే ఆ చూడడానికి అర్థం లేదు.

మళ్లీ హబ్సిగూడ

పదకొండు సెకన్లు సరిచేశాక దూరం సరిగ్గానే వచ్చింది, పట్టికకి చాలా దగ్గరగా. ఆ ధైర్యంతో మా అమ్మాయికి జవాబు తయారుచేశాను. కువైట్‌లో రాత్రి 9 గంటల 18 నిమిషాలకి భూకంపం పుట్టింది. అమ్మమ్మ గడియారంలో అప్పుడు 11:48. మొదటి తరంగం హబ్సిగూడ కిందికి 11:55 ప్రాంతంలో వచ్చి ఉండాలి, రెండోది అర్ధరాత్రి గంట కొట్టే వేళకి. ఉపరితల తరంగాలు 12 గంటల 6 నిమిషాలకి, అంటే అక్కడ క్యాలెండరు 13వ తేదీకి మారిపోయాక. అంత దూరంలో నేల కదలిక మనిషికి తెలియదు, లైటు ఊగదు. ఉప్పల్ రోడ్డు మీది యంత్రం లాంటి వాటికే తెలుస్తుంది.

ఇదంతా ఒక కాగితం మీద రంగు పెన్సిళ్లతో రాసి, ఫ్రిజ్ మీద అంటించాం. చదివి చూసి, "అయితే అమ్మమ్మకి భూకంపం రేపు వచ్చిందా?" అంది. అవునన్నాను.